తేదీ వేసిన చిత్తుకాగితాలు

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల జాబితాలో తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ ఆవిడ తేదీల మేడం. కొత్తగా కట్టే ఇళ్ల ప్లాన్లు చూసి అనుమతులిచ్చే ఆఫీసు అది. అందులో ముప్పై ఏళ్లుగా డ్రాయింగులు సరిచూసేది ఆవిడే. తేదీ లేని కాగితం ఆవిడ బల్ల మీదికొస్తే వచ్చినట్టే కాదు. ఒకసారి పై ఆఫీసరు స్వయంగా రాసిచ్చిన చీటీని కూడా "ఇది ఏనాటిదో కాస్త రాసి పంపండి" అని తిప్పి పంపింది. ఆయన మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, నాలుగో రోజు తేదీ వేసి పంపాడు.

ఆవిడకి నోరెక్కువ అని గిట్టనివాళ్లంటారు. గిట్టేవాళ్లూ అదే అంటారు, కాకపోతే నవ్వుతూ అంటారు. ఎదుటివాళ్లు ఒక మాట కూడబలుక్కునేలోపు తను పది అనేయగలదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే జరిగినదాంట్లో సగం తప్పు ఆ నోటిదే.

ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లలకి స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థ ఒకటుంది. ఫీజు కట్టేసి చేతులు దులుపుకోకుండా, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద దిక్కుని కూడా అప్పగిస్తారు. ఆ దిక్కుకి మెంటర్ అని పేరు. తేదీల మేడం ఆరేళ్లుగా మెంటర్. జీతం లేని ఉద్యోగం ఎందుకు నీకు అని ఇంట్లో ఆయన అడిగితే, "మీతో కాపురం చెయ్యడం లేదూ, అదీ అంతే" అంది. అసలు కారణం మాత్రం ఆయనకి కూడా చెప్పలేదు.

అసలు కారణం ఏంటంటే, ఆవిడా అలాంటి పిల్లే. తండ్రి బస్సు కండక్టరు. ఇంట్లో అంతకుముందు కాలేజీ మొహం చూసినవాళ్లు లేరు. అలాంటి పిల్ల మొదటి ఏడు తప్పింది. చదవక కాదు. ఏడాది మధ్యలో పెట్టే చిన్న చిన్న పరీక్షలకి కూడా మార్కులుంటాయని తెలియక. చివర్లో వచ్చే పెద్ద పరీక్ష ఒక్కటే లెక్కలోకొస్తుందనుకుని, ఈ చిన్నవి రాసే రోజున ఇంట్లో అమ్మకి సాయం చేస్తూ కూచుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. కానీ ఏం అడగాలో తెలియనప్పుడు ఎలా అడుగుతారు? ఆ పోయిన ఏడాది ఇప్పటికీ గొంతులో ముల్లే. ఇంకో పిల్లకి ఇలా జరగనివ్వను అని ఒట్టు పెట్టుకుంది, ఆ ఒట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు ఆవిడకి అప్పగించిన పిల్ల ఆర్కిటెక్చర్ చదువుతోంది. మొదటిసారి కలవడానికి పిల్లతో పాటు తండ్రి కూడా వచ్చాడు. టైల్స్ పరిచే మేస్త్రి ఆయన. ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు గానీ గోళ్లలో తెల్ల సిమెంటు ఎక్కడికి పోతుంది? కుర్చీలో కూచోమంటే ముందు ఆ గదిలో నేలని ఒకసారి పరికించి చూసి, గుమ్మం దగ్గర ఎత్తుపల్లాలొచ్చిన చోట మొహం చిట్లించి, అప్పుడు కూచున్నాడు.

"మెంటర్ అంటే ఏంటి మేడం గారూ? టీచరా, వార్డెనా?" అన్నాడు.

"రెండూ కాదండీ. దారి తెలిసిన మనిషి అనుకోండి."

"అయితే మీ చేతుల్లో పెట్టేసినట్టే. కాలేజీ సంగతులు మాకు గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఒక్క మాట మాత్రం నేను దీనికి చెప్పి పంపుతున్నా. నా పని సంగతి అక్కడ ఎత్తొద్దని. వచ్చే పిల్లలందరూ ఎక్కడెక్కడివాళ్లో, మేస్త్రి కూతురని చిన్నచూపు చూస్తే దాని మనసు కష్టపడుతుంది."

పిల్ల తలొంచుకుని కూచుంది. మేడం అప్పుడు అందుకుంది. లైబ్రరీ కార్డు దగ్గర్నుంచి హాస్టల్ పప్పులో నీళ్ల దాకా గంటన్నర చెప్పింది. చివర్లో, "ఇవన్నీ మర్చిపోయినా ఒకటి గుర్తు పెట్టుకో. నువ్వు గీసిన ప్రతి కాగితం మీదా కుడిపక్క కింద మూల తేదీ వెయ్యి. చిత్తు గీతైనా సరే. తేదీ లేని కాగితం తల్లిదండ్రులు లేని బిడ్డ" అంది. పిల్ల నోటుబుక్కు తీసి, దాంట్లో ఆ మాట రాసుకుని, దాని కింద ఆ రోజు తేదీ వేసింది. అది చూసి మేడం కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి ఫోను. "ఎలా ఉందమ్మా చదువు?" "అంతా బాగుంది మేడం." అంతే, మిగతా ఇరవై నిమిషాలూ మేడమే మాట్లాడేది. నెలకోసారి కలిసి టీ తాగినప్పుడూ అదే తంతు. ఈ పిల్లతో ఏ గొడవా లేదు, బంగారం అని సంస్థవాళ్లకి రిపోర్టు కూడా రాసింది. చెప్పడంలో ఉన్న సుఖం అలాంటిది, అడగడం గుర్తుకే రాదు.

ఆ శుక్రవారం పొద్దున్న సంస్థ నుంచి ఫోనొచ్చింది. మీ అమ్మాయి డిజైన్ ప్రాజెక్టు తను గీసింది కాదని, ఎవరి చేతో గీయించుకుందని కాలేజీవాళ్లు అనుమానిస్తున్నారు. సోమవారం పదకొండు గంటలకి విచారణ. తనదేనని రుజువు చేసుకోకపోతే ఆ సబ్జెక్టు తప్పినట్టే. సబ్జెక్టు తప్పితే మా నిబంధన ప్రకారం స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఇది సారాంశం. స్కాలర్‌షిప్పు ఆగితే మేస్త్రి ఆ ఫీజు కట్టలేడు, పిల్ల ఇంటికొచ్చేస్తుంది. అది ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకి తెలుసు.

సెలవు చీటీ రాసి, తేదీ వేసి, బల్ల మీద పడేసి బస్సెక్కింది.

హాస్టల్ ముందు సిమెంటు బెంచీ మీద కూచుంది పిల్ల. మేడంని చూసి లేచి నిలబడింది.

"ఎలా ఉన్నావు?"

"బాగున్నాను మేడం. అంతా బాగుంది."

"బాగుంటే నాకు ఫోనెందుకొచ్చిందే తల్లీ? గీయించుకున్నావా? ఎవరి చేతన్నా గీయించుకున్నావా చెప్పు. నాకు చెప్పడానికేం, నేనేం కొరికి తింటానా? నీకోసం నేను సంస్థవాళ్లకి బంగారం అని రాశాను. నా మాట ఏం కావాలి? మీ నాన్న నా చేతుల్లో..." అని అలా పోతూనే ఉంది. ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు చూస్తే, పిల్ల ఏడవటం లేదు. మాట్లాడటమూ లేదు. వంతు వచ్చేదాకా వరసలో నిలబడ్డట్టు నిలబడి ఉంది. ఎన్నాళ్లుగా ఇలా నిలబడి ఉందో అని మొదటిసారి అనిపించింది మేడంకి. నోరు మూసుకుని బెంచీ మీద కూచుంది. పిల్లనీ కూచోబెట్టింది.

"నువ్వు చెప్పు. నేను మాట్లాడను."

పిల్ల నోరు విప్పింది. "నేనే గీశాను మేడం. కూలి పనులకెళ్లే తల్లుల పిల్లలు పగలంతా ఉండటానికి ఒక ఇల్లు. అది ప్రాజెక్టు. ఏడు షీట్లు. చిత్తుకాగితాలు చూపించమన్నారు సారు. లేవన్నాను."

"ఎందుకు లేవు?"

"పని అయ్యాక శుభ్రం చేసెయ్యాలి కదా మేడం."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే మేడంకి వెంటనే ఏం అర్థం కాలేదు. మెల్లిగా ఒక్కొక్కటే అడిగితే బయటికొచ్చింది. ప్రతి బుధవారం క్లాసులో అప్పటిదాకా అయినంత పని గోడకి అంటించి సారుకి చూపించాలి. తప్పులుంటే ఆయన చెబుతాడు. వీళ్లు దిద్దుకోవాలి. దానికి వారం వారం మార్కులు. పిల్ల పద్నాలుగు బుధవారాలూ "ఇంకా కాలేదు సార్" అని చేతులు కట్టుకుని నిలబడింది. పదిహేనో వారం ఒక్క మరక లేని ఏడు షీట్లు తెచ్చి గోడకి పెట్టింది. సారు చూశాడు. ఆఖరి షీట్లో పిల్లలు స్నానం చేసే చోట నేల దగ్గర ఆగిపోయాడు. నాలుగు పక్కల నుంచీ నీళ్లు మధ్యలో బయటికి పోయే జాలీ వైపు జారేలా పలకల్ని ఐమూలగా కోసి పరిచే తీరు గీసి ఉంది. "ఇది సైటు మీద పదేళ్లు మోకాళ్లరగదీసుకున్నవాడు గీసింది. నువ్వు గీసింది కాదు" అన్నాడట.

"మరి నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. నాన్న సంగతి చెప్పొద్దన్నాడు కదా."

"సరే. వారం వారం ఎందుకు చూపించలేదు? అయినంత చూపిస్తే చాలు కదా?"

పిల్ల ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూసింది. "సగం పని ఎవరికైనా చూపిస్తారా మేడం?"

అదీ సంగతి. మేస్త్రి ఇంట్లో అది వేదవాక్కు. గదిలో నేల పరుస్తున్నంతసేపూ గుమ్మానికి గోనెపట్టా వేలాడదీస్తాడాయన. ఇంటివాళ్లొచ్చి తొంగిచూస్తే, "రేపు రండి" అంటాడు. సందులు నింపి, కడిగి, తుడిచి, పనిముట్లు సంచిలో సర్దేశాకే పట్టా తీస్తాడు. పని కనబడాలి గానీ పనిచేసిన గుర్తు కనబడకూడదు అంటాడు. పదేళ్ల వయసు నుంచి సెలవుల్లో ఆయన వెనకాల తిరిగిన పిల్ల. కాలేజీలో కూడా గుమ్మానికి గోనెపట్టా వేసుకుని కూచుంది. సగం పని చూపించడమే అక్కడ చదువు అని దానికి ఒక్కరూ చెప్పలేదు. దాచిపెట్టిన రహస్యమైతే ఎవరో ఒకరు చెవిలో ఊదేవారు. అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరూ చెప్పలేదు.

 ముప్పై అయిదేళ్ల కిందట మేడంకి జరిగిందే, అచ్చు అదే, తన కళ్ల ముందు, తను గంటలు గంటలు మాట్లాడుతుండగా జరిగింది.  తనని తను మనసులో బాగా తిట్టుకుంది, తిట్లకి ఆవిడ దగ్గర కరువు లేదు.

"చిత్తుకాగితాలు ఏం చేశావు? చించేశావా?"

"లేదు మేడం. నాన్నకిచ్చేశాను. పెద్ద కాగితాలు కదా, కొత్తగా పరిచిన నేల మీద కప్పుకోడానికి బాగుంటాయన్నాడు. శనివారం ఇంటికెళ్లినప్పుడల్లా చుట్ట చుట్టి పట్టుకెళ్లేదాన్ని."

మేడం లేచి నిలబడింది. "ఏ నేల మీద?"

ఊరి చివర కొత్తగా లేస్తున్న మూడంతస్తుల ఇల్లు. శనివారం పొద్దున్నే వెళ్లేసరికి మేస్త్రి మేడ మీద గదిలో రసమట్టం పెట్టి నేల వాలు చూసుకుంటున్నాడు. గుమ్మానికి గోనెపట్టా ఉండనే ఉంది. వీళ్లని చూసి కంగారుగా బయటికొచ్చాడు. లోపల్నించి ఎవరో "చిన్నమేస్త్రి వచ్చింది" అన్నారు. సైటు మీద పిల్లకి అదే పేరు. కాలేజీలో నోరు మెదపని పిల్ల ఆ మాటకి తల తిప్పి నవ్వింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల పళ్లు చూడటం మేడంకి అదే మొదలు.

విషయం విన్నాక మేస్త్రి మెట్ల మీద కూలబడ్డాడు. "చూపించొద్దని నేర్పింది నేనే మేడం గారూ. చేజేతులా నేనే చేశాను" అన్నాడు.

"మీరొక్కరే కాదు, నేనూ ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలాగూ తప్పదు, ఆ ఆకులేవో తొందరగా చూపించండి" అంది మేడం.

మొదటి రెండు నెలల కాగితాలు వేరే ఇంట్లో వాడాడు. ఆ ఇల్లు అయిపోయింది, కాగితాలు చెత్తలో పోయాయి. మిగతావి ఈ ఇంట్లోనే, కింది అంతస్తులో మూడు గదుల్లో పరిచి ఉన్నాయి. రేపు రంగులేసేవాళ్లొస్తారు. వాళ్లొస్తే ఇవి రంగుతో పాడై చెత్తలోకి పోతాయి. ఒక్క రోజు తేడా.

తలుపు తీసేసరికి గది నిండా పిల్ల గీసిన గీతలు. అక్కడక్కడా సున్నం చుక్కలు, బూటు గుర్తులు, ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. మేడం ఆ వయసులో మోకాళ్ల మీద కూచుని ఒక కాగితం అంచు మెల్లిగా ఎత్తి, దుమ్ము ఊది, కుడిపక్క కింద మూల చూసింది. తేదీ ఉంది. పక్క కాగితం చూసింది. ఉంది. ఆ పక్కది. ఉంది. పారేసే కాగితం మీద, కాళ్ల కింద పరిచే కాగితం మీద, ఒక్కటీ వదలకుండా, చిన్న అక్షరాలతో నీటుగా తేదీ వేసుకుంది ఆ పిల్ల. మేడం చెప్పిన గంటన్నర మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే, దాన్ని ప్రాణం పెట్టి పాటించింది. మేడంకి పట్టలేనంత సంతోషం వచ్చింది. కళ్లజోడు తీసి చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది, దుమ్ము అంది గానీ ఎవరూ నమ్మలేదు.

ముగ్గురూ మధ్యాహ్నం దాకా కాగితాలు ఎత్తారు. కొన్ని నేలకి అతుక్కుపోతే మేస్త్రి తాపీ అంచుతో చిరగకుండా లేపాడు. అలా పని చేస్తూనే, తల ఎత్తకుండా, మేడం తన మొదటి ఏడు సంగతి చెప్పింది. పరీక్షలు రాయకుండా ఇంట్లో కూచోవడం, తప్పడం, ఇంట్లో జ్వరమొచ్చిందని అబద్ధమాడటం. ఇన్నేళ్లలో మొదటిసారి పైకి అంది. పిల్ల చేతిలో కాగితం అలాగే పట్టుకుని వింది.

"మీరు తప్పారా మేడం?"

"తప్పాను. తేదీ కూడా చెప్పమంటావా?"

పిల్ల నవ్వింది. తర్వాత చాలా మాట్లాడింది. ఏ కాగితంలో ఎక్కడ చిక్కుపడిందో, ఎందుకు కొట్టేసిందో అన్నీ చెప్పింది. మేడం ఊ కొట్టింది. ఊ కొట్టడం ఆవిడకి అలవాటు లేని పని, మెడ నొప్పెట్టింది. మొత్తం ముప్పై ఒక్క కాగితాలు దక్కాయి.

సోమవారం పదకొండింటికి కాలేజీలో ఒక పొడుగాటి గది. బల్ల అవతల విభాగం పెద్దావిడ, పక్కన డిజైన్ సారు. సారు చెడ్డవాడేం కాదు. పద్నాలుగు వారాలు ఖాళీ చేతులతో నిలబడిన పిల్ల ఒక్కసారిగా అలాంటి పని తెస్తే అనుమానించకపోతే ఆయన సారెందుకవుతాడు? మేడంకి ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, ఒప్పుకుంది. మేస్త్రి గుమ్మం దగ్గరే చెప్పులు విప్పబోతే పిల్ల వద్దని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"వీరు?" అంది పెద్దావిడ.

మేడం నోరు తెరిచింది. ఏమనాలో పది మాటలు నాలుక చివర వరస కట్టి ఉన్నాయి. పళ్ల బిగువున వాటిని ఆపి పిల్ల వైపు చూసింది.

"మా నాన్న. టైల్స్ మేస్త్రి" అంది పిల్ల. తండ్రి గాబరాగా చూశాడు. పిల్ల ఆయన వైపు చూడలేదు. "సారు అన్నది నిజమే. ఆ నేల సైటు మీద పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. నేను ఆయనతో సైటు మీద పనిచేశాను. చిత్తుకాగితాలు లేవన్నది మాత్రం తప్పు. ఉన్నాయి."

చుట్ట విప్పింది. బల్ల చాలలేదు. గోడకి అంటిద్దామంటే అంటుకున్న సిమెంటు బరువుకి నిలవడం లేదు. అప్పుడు మేస్త్రి జేబులోంచి దారపు ఉండ తీశాడు. ఎవరినీ అడగలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి, దాని వెంబడి ఒక్కో కాగితం తేదీల వరసలో నేల మీద పరుచుకుంటూ పోయాడు. ముప్పై ఒక్క కాగితాలు, వేలెడు సందు తేడా లేకుండా. పెద్దావిడ, సారు లేచి వాటి పక్కనే నడవాల్సి వచ్చింది.

సారు ఒక్కో కాగితం దగ్గర ఆగాడు. "ఇక్కడ తలుపు తూర్పుకుంది, ఇక్కడికొచ్చేసరికి పక్కకి జరిగింది. ఎందుకు?"

"గాలి సూటిగా ఉయ్యాలల మీదికి వస్తోంది సార్."

"ఈ గోడ ఎందుకు తీసేశావు?"

"వంటచేసే ఆవిడకి పిల్లలు కనబడటం లేదు."

అలా పది ప్రశ్నలు. పిల్ల తడుముకోలేదు. ప్రతి ప్రశ్నకీ వంగి ఏదో ఒక కాగితం మీద వేలు పెట్టి చూపించింది. బూటు గుర్తుల మధ్య, సున్నం చుక్కల మధ్య ఆ ఇల్లు తప్పుతూ, దిద్దుకుంటూ ముందుకి నడుస్తోంది. స్నానాల చోటు దగ్గరికొచ్చాక సారు ఆగి మేస్త్రి వైపు తిరిగాడు.

"ఇది మాత్రం మీరు గీసిచ్చారేమో అని అడగాలి కదండీ, ఏమనుకోకండి."

  మేస్త్రి మోకాళ్ల మీద వంగి ఆ వరసలో స్నానాల చోటు ఉన్న కాగితాలు మొదటి నుంచీ చూశాడు. ఆయన పుస్తకం చదవలేడు గానీ ప్లాను చదవగలడు, ఇరవై ఏళ్లుగా అదే పని. ఒక్కోదాని మీదా వేలు ఆనించి, నీళ్లు ఎటు పోతాయో ఆ దారినే వేలు జరుపుకుంటూ వెళ్లాడు.

"నేను గీసుంటే మొదటి కాగితంలోనే వాలు సరిగ్గా వచ్చేది సార్" అన్నాడు చివరికి. "చూడండి, ఇక్కడ నీళ్లన్నీ పిల్లలు పడుకునే గదిలోకి పోతాయి. రెండోదీ అంతే. మూడోది మరీ ఘోరం. ఇక్కడ జాలీ మూలకి పెట్టింది, నీళ్లు నిలబడిపోతాయి. ఆరోదాని దాకా తప్పే. ఏడోదాంట్లో వచ్చింది. నన్నడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ణి. అడగలేదు సార్. ఆరుసార్లు తప్పు చేసి, తనంతట తనే పట్టుకుంది." ఏడో కాగితం మీంచి వేలు తీశాడు. "మా పిల్ల ఇన్ని తప్పులు చేసిందని నాకు తెలీదు సార్. ఎప్పుడూ కడిగిన నేలే చూశాను."

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. సారు ఏడో కాగితం పక్కన, ప్యాంటుకి దుమ్మవుతుందని చూసుకోకుండా, కింద కూచున్నాడు. కాసేపు ఆ ఐమూల కోతని చూసి, "ఈ కోత కోసేటప్పుడు పలక అంచు పగలదా?" అని మేస్త్రిని అడిగాడు. "నీళ్లలో నానబెట్టి కోస్తే పగలదండీ" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత ఇద్దరూ పావుగంట పలకల గురించే మాట్లాడుకున్నారు. విచారణ అన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

పని పిల్లదేనని కాగితం మీద రాసిచ్చారు. తేదీ ఉన్న కాగితాలకి వారం మార్కుల్లో సగం ఇచ్చారు. పోయినవాటికి ఇవ్వలేదు. ఇవ్వరు కూడా, నియమం నియమమే. అన్నీ కలిపితే పాసు మార్కు మీద మూడే ఎక్కువ. స్కాలర్‌షిప్పు నిలబడింది. మూడైనా ముప్పైయైనా గట్టెక్కడమే కదా అని మేస్త్రి అంటే, వచ్చేసారి ముప్పై తెస్తాను అంది పిల్ల. ఆ మాట మేడంకి చెప్పలేనంత గర్వంగా అనిపించింది. బయటికొచ్చాక వరండాలో పిల్ల భుజం మీద చెయ్యేసి అలాగే నడిచింది.

మెట్ల దగ్గర మేస్త్రి కాగితాలు చుట్ట చుడుతుంటే, "ఇక వీటిని నేల మీద పరిచారంటే ఊరుకోను" అంది.

"పరుస్తానా మేడం గారూ? ఇంట్లో గోడకి పెడతాను. మరి నా నేలలకి కాగితాలేవి?"

"మా ఆఫీసులో పాత ప్లాన్లు గదుల నిండా ఉన్నాయి, పారెయ్యడానికి. అడిగి ఇప్పిస్తాను. అన్నిటికీ తేదీలుంటాయి, భయం లేదు."

కొత్త సెమిస్టరు మొదలయ్యాక ఒకసారి, ఫోను చెయ్యాల్సిన రోజుకి ఇంకా ఆరు రోజులుండగానే, బుధవారం మధ్యాహ్నం, ఆఫీసులో మేడం ఫోను మోగింది. పిల్ల. ఎప్పుడూ తనంతట తను చేసిన పిల్ల కాదు. మేడం ఎదురుగా ఉన్న పెద్దమనిషిని ఆగమని సైగ చేసింది.

"మేడం, కొత్త ప్రాజెక్టు మొదలైంది. ఇవాళ సగం పని గోడకి పెట్టాను. సారు నాలుగు చోట్ల తప్పన్నారు. మెట్లు కుదరడం లేదు, కిటికీలు అస్సలు బాగాలేవు, రెండో అంతస్తు ఎలా చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఏమీ బాగాలేదు మేడం."

తేదీల మేడం కుర్చీలో వెనక్కి వాలింది. ఆఫీసంతా వినేలా నవ్వింది. బల్ల ముందున్న పెద్దమనిషి ఏమైందో తెలియక ఆయన కూడా కొంచెం నవ్వాడు. ఆవిడ కాగితం ఒకటి ముందుకి లాక్కుని, కుడిపక్క కింద మూల ఆ రోజు తేదీ వేసింది.

"చెప్పమ్మా" అంది. "మెట్ల దగ్గర్నుంచి చెప్పు. నేను వింటున్నాను."